గుంటూరులో సూర్యుణ్ణి చదివిన జాన్సెన్ మహాశయుడు

మన సొసైటీ పెద్దలు ప్రతి సంవత్సరం సావనీరుకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని నన్ను అడుగుతూ ఉంటారు. లోగడ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారిని గూర్చీ, మౌలానా ఆజాద్ గారిని గూర్చీ వ్రాశాను. ఈసారి మన కౌముకు గాని, మన దేశానికి గాని చెందని ఒకాయనను గూర్చి వ్రాస్తున్నాను. ఆయన ఫ్రాన్సు దేశస్థుడు. అయినా ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద రోజు మన కృష్ణ దాటితే వచ్చే గుంటూరులోనే గడిచింది. నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో ఉర్దూ వాసన కనిపిస్తే పాఠకులు పెద్ద మనసుతో మన్నించగలరు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పుకోవాలి. 2019 డిసెంబరు 26 గురువారం ఉదయం సూర్యగ్రహణం పట్టింది. అప్పుడు మా చెల్లెలు ఏడో నెల గర్భవతి, పురిటికి మా ఇంటికి వచ్చి ఉంది. ఇంట్లో ఆడవాళ్ళు ముందురోజు రాత్రి నుంచే ఆమెకు తిండీ నీళ్ళూ ఆపేశారు. తెల్లవారినాక కిటికీలకు దుప్పట్లు కట్టి, చాప మీద తిన్నగా పడుకోబెట్టి, కాలు ముడవకూడదు, చేయి గోకకూడదు, కత్తీ సూదీ ముట్టకూడదు అన్నారు. గెహన్ నీడ పడితే బిడ్డ పెదవి చీలి పుడుతుందని వాళ్ళ భయం. పది గంటలు కావస్తుండగా చెల్లెలికి కళ్ళు తిరిగి స్పృహ తప్పింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి సెలైను ఎక్కించిన తర్వాత తేరుకుంది. అల్లాహ్ దయవల్ల తల్లీ బిడ్డా బాగున్నారు.

ఇందులో ఆడవాళ్ళను తప్పు పట్టి ప్రయోజనం లేదు. తప్పు నాది. గ్రహణం ఎలా పడుతుందో ప్రతి ఏడూ ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి నేను. ఆ ఉదయం మా ఇంట్లోనే నోరు తెరవలేదు. పెద్దవాళ్ళతో మాట ఎందుకులే అని వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. తర్వాత గ్రహణాల సంగతి చదవడం మొదలుపెట్టినప్పుడు ఈ జాన్సెన్ గారు తారసపడ్డారు.

ఆకాశాన్ని చూసి మనిషి భయపడటం ఈనాటిది కాదు. ఇరాక్ దేశంలో యూఫ్రటీస్ నది ఒడ్డున బాబిల్ అనే మహానగరం ఉండేది. హారూత్, మారూత్ ప్రస్తావనలో ఖురాన్ షరీఫులో ఆ పేరు మనం చదువుతాము. ఆ దేశపు పండితులు సూర్యచంద్రుల్నీ గ్రహాల్నీ దేవతలుగా కొలిచేవారు. చంద్రబింబాన్ని నాలుగు భాగాలుగా ఎంచి, ఏ భాగం నల్లబడితే ఆ దిక్కు దేశానికి కీడు అని లెక్క కట్టేవారు. కీడు రాజుకని తేలితే ఇంకొక అభాగ్యుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి, అసలు రాజు చాటున ఉండేవాడు. గండం గడిచిందనుకున్నాక ఆ దొంగరాజును చంపేవారు. క్రీస్తు పూర్వం 7వ శతాబ్దంలో అస్సీరియా రాజు ఎసర్‌హద్దోను కాలంలో ఇలా జరిగినట్టు మట్టిపలకల మీద వ్రాసి ఉంది. మన దేశంలో రాహువు మింగుతాడన్నారు. కథలు వేరయినా భయం ఒక్కటే.

అయితే ఆ బాబిల్ పండితులే మరో గొప్ప పని కూడా చేశారు. భయంతోనే అయినా రాత్రి తర్వాత రాత్రి, తరం తర్వాత తరం ఆకాశాన్ని చూసి మట్టిపలకల మీద వ్రాసిపెట్టారు. వందల ఏళ్ళ ఆ లెక్కల్లోంచి ఒక నియమం బయటపడింది. ఒక గ్రహణం పట్టిన తర్వాత 18 సంవత్సరాల 11 రోజులకు దాదాపు అలాంటిదే మళ్ళీ పడుతుంది. రోజుల్లో చెప్పాలంటే 6,585 రోజుల 8 గంటలు. లెక్కకు అందేదానికి భయపడవలసిన పని లేదు గదా. ఆ సంగతి లోకానికి తెలిసి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మన దీన్ ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చింది. హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం నక్షత్రాన్నీ, చంద్రుణ్ణీ, సూర్యుణ్ణీ చూసి, అస్తమించేవి దేవుళ్ళు కాజాలవని తన జాతివారికి తెలియజెప్పిన సంగతి మనకు తెలుసు. దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారి చిన్న కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. అది 632 జనవరి 27 అని పండితుల లెక్క. ఆ బిడ్డ పోయినందుకే సూర్యుడు నల్లబడ్డాడని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ప్రవక్త వారు దాన్ని ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు మాత్రమేననీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ చెప్పి, నమాజుకు నిలబడమన్నారు. మన ఇళ్ళలో ఆ నమాజు ఎందరికి తెలుసు? కత్తీ సూదీ సంగతి మాత్రం అందరికీ తెలుసు.

ఇక జాన్సెన్ గారి జీవితానికి వస్తాను. ఆయన పూర్తి పేరు పియెర్ జూల్ సేజార్ జాన్సెన్. 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి సంగీత విద్వాంసుడు. చిన్నతనంలోనే ప్రమాదం జరిగి కాలు దెబ్బతిని జీవితాంతం కుంటుతూ నడిచారు. ఆ కారణంగా అందరు పిల్లల్లా బడికి పోయే యోగం కలగలేదు. ఇంట్లో జరుగుబాటు తగ్గి చిన్న వయసులోనే బ్యాంకులో పనికి కుదరవలసి వచ్చింది. పని చేసుకుంటూనే చదువుకున్నారు. 1852లో డిగ్రీ చేతికి వచ్చేసరికి 28 ఏళ్ళు. కంటిలో వేడి కిరణాలు ఎలా ఇంకుతాయన్న విషయంపై 1860లో డాక్టరేటు పొందినప్పుడు 36 ఏళ్ళు. చదువుకు వయసు మించిపోయిందని మానుకున్న మన అబ్బాయిలు ఈ లెక్కలు ఒకసారి చూసుకోవాలి.

1857లో భూమి అయస్కాంత శక్తిని కొలవడానికి దక్షిణ అమెరికాలోని పెరూ దేశం వెళ్ళి తీవ్రంగా జబ్బు చేసి తిరిగి వచ్చారు. ఇంకొకరైతే అంతటితో ఊరుకునేవారు. ఆయన మాత్రం కొత్తగా వచ్చిన ఒక పరికరం మీద మనసు పెట్టారు. గాజు పట్టకంలోంచి వెలుతురు పోనిస్తే ఇంద్రధనుస్సు రంగులుగా విడిపోతుందని మన పిల్లలకు తెలుసు. అలా విడదీసి పరీక్షించే యంత్రాన్ని వర్ణపటదర్శిని అంటారు. మండే ప్రతి వాయువూ ఆ రంగుల్లో తన గుర్తుగా కొన్ని గీతలు చూపుతుంది. మనిషికి వేలిముద్ర ఎలాగో పదార్థానికి ఆ గీతలు అలాగ. కోట్ల మైళ్ళ దూరాన ఉన్న సూర్యుడిలో ఏముందో ఇక్కడ కూర్చుని చెప్పవచ్చన్న మాట.

సంపూర్ణ సూర్యగ్రహణ వేళ నల్లని చంద్రుడి అంచున ఎర్రని మంటలు లేచినట్టు కనిపిస్తాయి. అవి సూర్యుడివా, చంద్రుడివా, ఏ పదార్థంతో అయినవీ అన్నది అప్పటికి తేలలేదు. 1868 ఆగస్టు 18న పట్టబోయే గ్రహణం చాలా పెద్దదనీ, దాని నీడ మన తెలుగు దేశం మీదుగా పోతుందనీ లెక్కలు చెప్పాయి. ఫ్రాన్సు ప్రభుత్వం జాన్సెన్ గారిని పంపింది. ఓడలో మద్రాసు చేరి, ప్రభుత్వం వారి సాయంతో మచిలీపట్నం మీదుగా గుంటూరు వచ్చారు. అక్కడ లెఫోషేర్ అనే ఫ్రెంచి వర్తకుడి మేడలో దిగి తన దుర్భిణీలు బిగించుకున్నారు.

ఆ రోజుల్లో మన జిల్లాలు లోకానికంతకూ కేంద్రం అయినాయంటే అతిశయోక్తి కాదు. అదే గుంటూరులో మేజర్ టెన్నెంట్ నాయకత్వాన ఇంగ్లీషువారి బృందం దిగింది. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ దిగారు. వనపర్తిలో అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు మరో బృందంతో ఉన్నారు. ఈయన పంచాంగ కర్తల వంశంలో పుట్టి, కొత్త విద్య నేర్చి, 1867లో ఒక నక్షత్రాన్ని కనిపెట్టిన ఘనుడు.

గ్రహణం నాటి ఉదయం తొమ్మిది గంటల వేళ పట్టపగలు చీకటి కమ్మింది. సంపూర్ణ గ్రహణం గుంటూరులో ఉన్నది ఐదు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఆ ఐదు నిమిషాల కోసం ఆయన సముద్రాలు దాటి వచ్చారు. వర్ణపటదర్శినిలో చూస్తే ఆ ఎర్రని మంటలు మెరిసే గీతలుగా కనిపించాయి. అంటే అవి మండే వాయువు, అందులో ముఖ్యమైనది హైడ్రోజను. ప్రశ్న తేలిపోయింది. వచ్చిన పని అయిపోయింది.

కాని గొప్పవాడికీ సామాన్యుడికీ తేడా ఇక్కడే ఉంది. ఆ గీతలు ఎంత జిగేలుమని మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునన్న ఆలోచన ఆ క్షణంలోనే ఆయనకు తట్టింది. వెంటనే పరీక్షిద్దామంటే ఆ రోజు మబ్బు పట్టింది. మరునాడు ఆగస్టు 19 ఉదయం యంత్రాన్ని సూర్యుడి అంచుకు సరిచేసి చూస్తే, మామూలు పగటి వెలుగులోనే ఆ గీతలు కనిపించాయి! ఆ తర్వాత పదిహేను రోజులకు పైగా గుంటూరులోనే ఉండి రోజూ సూర్యుణ్ణి పరిశీలించారు. అప్పటిదాకా ఏళ్ళ తరబడి కాచుకుంటే నిమిషాలు దొరికే దృశ్యం ఆనాటి నుంచి మనిషికి రోజూ దొరికింది. అది మొదట దొరికింది గుంటూరు మేడ మీద.

ఆ వార్తను ఆయన ఉత్తరం వ్రాసి పారిస్ పండిత సభకు పంపారు. ఓడ మీద పోవాలి గనుక నెలకు పైనే పట్టింది. ఈలోపున ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే పండితుడు ఈ సంగతి ఏమీ తెలియకుండానే అక్టోబరు 20న అదే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరి ఉత్తరాలూ 1868 అక్టోబరు 26న ఒకే రోజున సభకు చేరాయి. తగాదా పడటానికి ఇంతకంటే సందు ఏం కావాలి? కాని వాళ్ళు తగాదా పడలేదు. ఫ్రాన్సు ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ ఒకే వైపు పక్కపక్కన వేసి పతకం చేయించింది. మన సంఘాల్లో పేరు ముందు ఎవరిది వేయాలని జరిగే తగువులు తలుచుకుంటే ఈ పతకం నాకు తప్పక గుర్తొస్తుంది.

ఒక సంగతి సరిగా చెప్పుకోవాలి. జాన్సెన్ గారు గుంటూరులో హీలియం కనిపెట్టారని చాలాచోట్ల వ్రాస్తుంటారు. పూర్తి నిజం ఏమంటే, ఆ గ్రహణంలో చూసినవాళ్ళకు ఒక పసుపు గీత కూడా కనిపించింది. మొదట అది ఉప్పులో ఉండే సోడియం గీత అనుకున్నారు. అది సోడియం గీత ఉండే చోటికి సరిగా రావడం లేదన్న అనుమానం మచిలీపట్నంలో పోగ్సన్ గారి వ్రాతలో ఉంది. అది భూమి మీద ఎరగని కొత్త మూలకానిదని నిశ్చయించినది లాకియర్. సూర్యుడికి గ్రీకు భాషలో ఉన్న పేరుతో దానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే దాన్ని భూమి మీద ఒక ఖనిజంలో పట్టుకున్నారు. ఇవాళ ఎం.ఆర్.ఐ. స్కానింగు మిషన్లలో అయస్కాంతాన్ని చల్లబరిచేది ఆ హీలియమే. సూర్యుడికి చీకటి పట్టిన రోజున మన గడ్డ మీద కనిపించిన వెలుగు గీత ఇవాళ రోగుల ప్రాణం కాపాడుతోంది. గ్రహణం అపశకునమనే వారికి ఇంతకంటే జవాబు ఏం చెప్పాలి?

1870లో జర్మన్ సైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. డిసెంబరు 22న అల్జీరియాలో సంపూర్ణ గ్రహణం ఉంది. ఊరు దాటే దారి లేదు. ఆయన డిసెంబరు 2న గాలిబుడగ ఎక్కి శత్రుసైన్యం నెత్తి మీదుగా ఎగిరిపోయారు! కుంటి కాలు, 46 ఏళ్ళ వయసు. తీరా ఓరాన్ పట్నం చేరితే గ్రహణం వేళకు మబ్బులు కమ్మి ఏమీ కనిపించలేదు. ఆయన నిరాశ పడలేదు. మరుసటి సంవత్సరం 1871 డిసెంబరు 12 నాటి గ్రహణానికి మళ్ళీ మన దేశం వచ్చి నీలగిరి కొండల మీద నిలబడ్డారు. ఈసారి ఆకాశం తేటగా ఉంది.

1874 డిసెంబరు 9న ఇంకో అపురూపమైన సంఘటన జరిగింది. శుక్రగ్రహం సూర్యుడి ముందు నుంచి నల్లచుక్కలా సాగిపోయింది. దాన్ని కొలిస్తే సూర్యుడి దూరం లెక్క తెలుస్తుంది. జాన్సెన్ గారు జపానులోని నాగసాకి వెళ్ళి, తుపాకీ చక్రంలా తిరుగుతూ 72 సెకన్లలో 48 ఫోటోలు తీసే యంత్రాన్ని ఉపయోగించారు. కదిలే బొమ్మల సినిమాకు దారి తీసిన యంత్రాల్లో ఇది ముందటిదని చెబుతారు. మన రఘునాథాచారి గారు ఇదే సంఘటనను గూర్చి సామాన్యులకు అర్థమయ్యేలా చిన్న పుస్తకం వ్రాయగా అది ఉర్దూలో కూడా వచ్చింది. ఉర్దూ పంతుల్ని గనుక ఈ మాట వ్రాస్తుంటే నాకు కాస్త గర్వంగానే ఉంది.

ఈ శుక్రుడే ఉర్దూలో మన జొహ్రా. జొహ్రా అనే అందగత్తె హారూత్, మారూత్‌లను మోసగించి ఆకాశానికెక్కి చుక్క అయిందని మా నానీ చెప్పేది. ఖురాన్‌లో ఆ కథ లేదు. అది పాత జాతుల నుంచి వచ్చి చేరిన కథేనని ఎందరో ఉలమాలు వ్రాశారు. బాబిల్‌లో ఆ గ్రహమే ఇష్తార్ దేవత, ప్రేమకూ యుద్ధానికీ ఆమే అధిదేవత. మన పురాణాల్లో రాక్షసుల గురువు. కాని అదే బాబిల్‌లో అమ్మిసదూక రాజు కాలాన, సుమారు 3,600 ఏళ్ళ కిందట, ఆ చుక్క ఎప్పుడు ఉదయించిందో ఎప్పుడు అస్తమించిందో 21 ఏళ్ళు వ్రాసిపెట్టారు. ఆ వ్రాత నకళ్ళు మట్టిపలకల మీద ఇప్పటికీ ఉన్నాయి. నానీ కథ నాకు ఇష్టమే. చంటిపిల్లల్ని నిద్రపుచ్చడానికి కథ చాలు. సూర్యుడి దూరం తెలుసుకోవడానికి మాత్రం రాసిపెట్టిన లెక్క కావాలి.

జాన్సెన్ గారు ఆ తర్వాత పారిస్ దగ్గర మ్యూడాన్‌లో నక్షత్రశాల స్థాపించి, ఏళ్ళ తరబడి సూర్యుడి ఫోటోలు తీసి గ్రంథంగా వెలువరించారు. 1893లో యూరపులోకెల్లా ఎత్తయిన మంచుకొండల్లో ఒకటైన మోంబ్లాం శిఖరం మీద కూడా పరిశోధనాలయం కట్టించారు. నడవలేరు గనుక మనుషులు ఆయన్ను మంచు మీద లాక్కుపోయారు. అప్పటికి 69 ఏళ్ళు. 1907 డిసెంబరు 23న ఆయన కన్నుమూశారు. చంద్రుడి మీద ఒక పెద్ద గుంటకు ఆయన పేరు పెట్టారు. లేని కాలితో చంద్రుడి దాకా వెళ్ళిన మనిషి అని మా బడి పిల్లలకు చెబుతుంటాను.

బాబిల్ వారి లెక్క ప్రకారం గుంటూరు గ్రహణం అక్కడితో అయిపోలేదు. 18 ఏళ్ళకొకసారి భూమి మీద వేరే చోట మళ్ళీ వస్తూనే ఉంది. 1922 సెప్టెంబరు 21న అది ఆస్ట్రేలియాలో కనిపించినప్పుడు ఐన్‌స్టీన్ సిద్ధాంతం సరైనదని దానితో పరీక్షించి చూశారు. 2012 నవంబరు 13న మళ్ళీ ఆస్ట్రేలియాలోనే కనిపించింది. దాని తర్వాతి వంతు 2030 నవంబరు 25. ఇంత ఖచ్చితంగా తేదీ చెప్పి వచ్చే అతిథిని చూసి ఇంట్లో తలుపులు వేసుకోవడం ఏమి మర్యాద?

గ్రహాలకూ ప్రళయాలకూ ముడిపెట్టడం చదువుకున్నవాళ్ళలో కూడా ఉంది. గ్రహాలన్నీ ఒకచోట చేరినప్పుడే హజ్రత్ నూహ్ కాలపు తుఫాను వచ్చిందని పూర్వం జ్యోతిష్కులు కొందరు వ్రాశారు. వాళ్ళలో మన పండితుడు అబూ మాషర్ కూడా ఉన్నాడు. అల్ బీరూనీ వంటి మహాపండితుడు వెయ్యేళ్ళ కిందటే ఆ మాటను ఖండించాడు. అయినా 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అంటూ దేశమంతా వణికిపోయింది. మా తాతగారి కాలంలో బెజవాడలో కూడా ఆ మూడు రోజులూ జనం అదే మాట్లాడుకున్నారట. ఏమీ జరగలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలాది ప్రాణాలు పోయాయి. అప్పుడు ఏ కూటమీ లేదు, ఏ గ్రహణమూ చెప్పలేదు. గట్టి ఇళ్ళూ, వేళకు అందే హెచ్చరికా ఉండి ఉంటే ఎందరో బతికేవారు. గ్రహానికి భయపడి కూర్చునేవాడు అసలు గండాన్ని చూడలేడు.

సోదర సోదరీమణులారా, ఈ సావనీరు మన ప్రతి ఇంటికీ చేరుతుంది. నా మనవి ఒక్కటే. ఇకపై గ్రహణం వచ్చినప్పుడు మగవాళ్ళు మసీదులో నమాజుకు నిలబడాలి, ఆడవాళ్ళు ఇంట్లో చదువుకోవాలి. పిల్లలకు సరైన కళ్ళద్దాలు పెట్టి చూపించాలి, ఉత్త కంటితో సూర్యుణ్ణి చూడటం మాత్రం నిజంగానే ప్రమాదం. కడుపుతో ఉన్న ఆడకూతురికి వేళకు అన్నం, నీళ్ళు ఇవ్వాలి. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే మెల్లగా, గౌరవంగా, కాని నోరు తెరిచి చెప్పాలి. నేను ఆనాడు చెప్పలేకపోయాను గనుక ఇవాళ ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

2027 ఆగస్టు 2 నాటి సంపూర్ణ సూర్యగ్రహణపు దారి మక్కా షరీఫు మీదుగా పోతుంది. ఆ పవిత్ర నగరంలో పట్టపగలు చీకటి కమ్మే వేళ లక్షలమంది సజ్దాలో ఉంటారు, ఇన్షా అల్లాహ్. మా చెల్లెలి కూతురు ఇప్పుడు బడికి పోతోంది. పెదవీ బాగుంది, నోరూ బాగుంది, ప్రశ్నలు మాత్రం ఆపదు. గుంటూరు బస్సు ఎక్కినప్పుడల్లా ఆ కుంటి మామూ ఏ మేడ మీద నుంచి సూర్యుణ్ణి చూశాడని అడుగుతుంది. అల్లాహ్ మన పిల్లలందరికీ అలాంటి ప్రశ్నలనూ, మనకు జవాబు చెప్పే ధైర్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.